మాటల కింద దాగిన ఆర్‌.ఆర్‌.ను బయటికి తీయడం

మన సినిమాల పాటలు విడుదలకు నెలల ముందే చేతికి వస్తాయి గాని, అదే సినిమాకు అదే సంగీత దర్శకుడు రాత్రింబవళ్లు కూర్చుని సమకూర్చిన నేపథ్య సంగీతం మాత్రం సినిమాలోనే ఉండిపోతుంది. పరిశ్రమలో దాన్ని రీ-రికార్డింగ్ అనీ, పొట్టిగా ఆర్‌.ఆర్‌. అనీ అంటారు. ఈ మధ్య కొన్ని పెద్ద సినిమాలకు దాన్ని విడిగా ఆల్బమ్‌గా తెస్తున్నారు, కాని అలాంటివి కొన్నే, వాటిలోనైనా సన్నివేశంలో విన్న ముక్క ఉన్నదున్నట్టు దొరుకుతుందన్న భరోసా లేదు. హనుమకొండ నయీంనగర్‌లో ఒక చిన్న గదిలో కీబోర్డూ కంప్యూటరూ పెట్టుకుని లఘుచిత్రాలకు సంగీతం చేసే నాకు, వయొలిన్లు ఏ చూపు దగ్గర మొదలయ్యాయి, మాట రాగానే ఏ వాద్యం పక్కకు తప్పుకుంది, డప్పు ఏ క్షణాన ఆగింది అనే సంగతులు తెలియాలంటే ఆ సంగీతం మాటలూ చప్పుళ్లూ లేకుండా వినబడాలి. కాజీపేటలో డీజే నడిపే ఒక తమ్ముడు కూడా తరచూ ఇదే అడుగుతుంటాడు: "అన్నా, ఆ ఫైటు మ్యూజిక్ మాటలు లేకుంట దొరుకుతదా?" అతనికి కావలసింది బారాత్‌లో వేయడానికి, నాకు కావలసింది నేర్చుకోవడానికి, పని మాత్రం ఒకటే.

ఈ పని అనగానే ఇప్పుడు అందరి నోటా మొదట వచ్చే మాట ఏఐ. సినిమా ముక్కను ఏదో ఒక వెబ్‌సైటులో వేస్తే మాటలు ఒక ఫైలుగా, సంగీతం మరో ఫైలుగా వచ్చేస్తాయంటారు, వస్తాయి కూడా. అయినా అక్కడి నుంచి మొదలుపెట్టడం తొందరపాటని నా అభిప్రాయం, ఎందుకంటే సరౌండ్ శబ్దం, అంటే ముందూ చుట్టూ ఉన్న ఒక్కో స్పీకరుకూ ఒక్కో ఛానల్‌గా విడిగా పంపే శబ్దం ఉన్న సినిమాలో విడదీసే పని సగం మిక్సింగ్ ఇంజనీరు చేతుల మీదుగా ముందే జరిగిపోయి ఉంటుంది. ఆ సగాన్ని పారేసి, అంతా కలిపేసిన రెండు ఛానళ్ల ఫైలును ఏఐ ముందు పెట్టడమంటే ఇంజనీరు విడిగా పెట్టినదాన్ని మనమే కలిపి, మళ్లీ విడదీయమని యంత్రాన్ని బతిమాలడమే. ల్యాప్‌టాప్‌లో సినిమా చూస్తున్నప్పుడు జరిగేది సరిగ్గా ఆ కలపడమే: నడిమి ఛానల్‌ను 3 డెసిబెళ్లు తగ్గించి ఎడమకూ కుడికీ సమానంగా కలిపేస్తారు, సరౌండ్‌లను కూడా తగ్గించి వాటిలోనే చేరుస్తారు. స్క్రీన్ రికార్డింగ్‌తో పట్టుకున్న శబ్దం ఏదైనా ఈ దశ దాటి వచ్చిందే కాబట్టి దానితో చేయగలిగింది తక్కువ.

5.1 అంటే ఆరు ఛానళ్లు. తెర వెనుక ఎడమ, నడిమి, కుడి, ప్రేక్షకుల చుట్టూ ఎడమ సరౌండ్, కుడి సరౌండ్, ఆపైన ఆ బిందువు తర్వాతి ఒకటి, అంటే దాదాపు 120 హెర్ట్జ్‌కు లోబడిన అదురు శబ్దాలకు మాత్రమే కేటాయించిన ఎల్‌.ఎఫ్‌.ఇ. మాటలు దాదాపు ఎప్పుడూ నడిమి ఛానల్లోనే ఉంటాయి. థియేటర్లో ఎడమ గోడ పక్కన సీటు దొరికినవాడికి కూడా మాట తెర మీది మనిషి నోటి నుంచే వస్తున్నట్టుండాలి. అదే మాటను ఎడమ కుడి స్పీకర్లలో సమానంగా పంచితే మధ్య సీట్ల వాళ్లకు సరిపోతుంది గాని పక్క వాళ్లకు దగ్గరి స్పీకరు నుంచే వినబడుతుంది. సంగీతం ప్రధానంగా ఎడమ కుడిల్లో పరుచుకుని, తన ప్రతిధ్వనిని, ఒక్కోసారి కోరస్‌నూ తీగవాద్యాలనూ సరౌండ్‌లలోకి పంపుతుంది. ఎఫెక్టులకు మాత్రం ఒక ఇల్లంటూ లేదు. అడుగుల చప్పుడు, తలుపు, గాజుల గలగల వంటివి నడిమిలోనూ, వాన, జనం, వాహనాలు, పేలుళ్లు మిగతా అన్నింట్లోనూ తిరుగుతుంటాయి.

కాబట్టి మొదటి పని ఆరు ఛానళ్లనూ ఆరు విడి ఫైళ్లుగా తీయడం. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు దీన్ని ఒక్క ఆదేశంతో చేస్తుంది. ఇక్కడ రెండు జాగ్రత్తలు చెప్పాలి. వేవ్ ఫైల్లో ఛానళ్ల వరుస ఎడమ, కుడి, నడిమి, ఎల్‌.ఎఫ్‌.ఇ., ఆ తర్వాత సరౌండ్‌లు, కాని సినిమా మిక్సింగ్ వాళ్లు చాలాచోట్ల ఎడమ, నడిమి, కుడి, సరౌండ్‌లు, చివర ఎల్‌.ఎఫ్‌.ఇ. అనే వరుస పాటిస్తారు కాబట్టి పేర్లు పెట్టేముందు ఒక్కోదాన్నీ విని చూసుకోవాలి. రెండోది, శబ్దాన్ని కుదించి రాసే డాల్బీ డిజిటల్ పద్ధతిలో డైనమిక్ రేంజ్‌ను కుదించే సూచనలు కలిసి వస్తాయి. ఇంట్లో అర్ధరాత్రి సినిమా చూసేవాడికి పేలుడు మరీ పెద్దగా, గుసగుస మరీ చిన్నగా వినబడకుండా ఉండేందుకు పెట్టిన ఏర్పాటది. ఆ శబ్దాన్ని విప్పే డీకోడరు మామూలుగా వాటిని పాటించేస్తుంది. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో ఆ సెట్టింగును సున్నా చేయకపోతే, పేలుడు వచ్చినప్పుడల్లా సంగీతం తనంతట తానే తగ్గి లేస్తున్నట్టు వినబడుతుంది, ఆ తర్వాత ఏ ఉపాయం పన్నినా ఆ ఊగిసలాట పోదు.

మూలం ఏదన్నది ఇంకా పెద్ద సంగతి. 16 బిట్ల లెక్కన ఆరు ఛానళ్లను ఏమీ కుదించకుండా రాస్తే సెకనుకు 4,608 కిలోబిట్లు కావాలి. డీవీడీలోని డాల్బీ డిజిటల్‌కు దక్కే గరిష్ఠం 448, అంటే పదో వంతు కంటే తక్కువ. బ్లూరేలో అదే పద్ధతికి 640 వరకు ఇస్తారు, అయితే డాల్బీ ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియో వంటివి ఏమీ పోగొట్టకుండా దాస్తాయి. సినిమా చూసేవాడికి ఈ తేడా అంతగా పట్టదు. ఒక్కో ఛానల్‌ను విడిగా వినే మనకు మాత్రం వెంటనే పడుతుంది. కుదింపు పద్ధతులన్నీ పెద్ద శబ్దం పక్కనున్న చిన్న శబ్దాన్ని చెవి పట్టించుకోదన్న సూత్రం మీదే నడుస్తాయి కాబట్టి, నడిమి ఛానల్లో మాట గట్టిగా ఉన్నప్పుడు దాని కింద ఎంతో రొద మిగిల్చేస్తాయి. మనం మాటను తీసేసిన మరుక్షణం ఆ రొద బయటపడుతుంది. అది చాలదన్నట్టు బిట్లు సరిపోనప్పుడు డాల్బీ డిజిటల్ పై పౌనఃపున్యాల్లో ఛానళ్లన్నింటినీ ఒకటిగా జతచేసి, ఒక్కోదానికి ఎంత బలంతో వినిపించాలన్నది మాత్రమే విడిగా రాస్తుంది. ఫలితంగా డీవీడీ నుంచి తీసిన సరౌండ్ ఛానల్‌ను ఒంటరిగా వింటే తాళాల మోత నీటి అడుగు నుంచి వస్తున్నట్టుంటుంది. అందుకే ఒకే సినిమా బ్లూరే, డీవీడీ రెండూ ఉంటే బ్లూరేనే కొనమంటాను.

పాల్ అనే టీవీ పద్ధతిలో వచ్చిన డీవీడీలతో ఇంకో చిక్కుంది. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, పాల్ వీడియో 25 ఫ్రేములు. చాలా డిస్కుల్లో 24ను అలాగే 25 వేగంతో పరిగెత్తిస్తారు. అప్పుడు శబ్దం నాలుగు శాతం వేగంగా సాగి, శ్రుతి అర్ధస్వరంలో దాదాపు 70 శాతం మేర పైకి పోతుంది. ఒకటి శ్రుతిలో ఉన్న ముక్క ఒకటికీ ఒకటిన్నరకూ మధ్య ఎక్కడో తేలుతుంది, హార్మోనియం పట్టుకుని కూర్చుంటే ఏ మెట్టూ కలవదు. వేగాన్ని 24/25కు తగ్గిస్తే శ్రుతీ లయా రెండూ ఒకేసారి దారికి వస్తాయి. శ్రుతిని మాత్రమే సరిదిద్దే పనిముట్టు వాడితే లయ తప్పుగానే మిగిలిపోతుంది.

డాల్బీ అట్మాస్ అనే సరౌండ్ పద్ధతి గురించి ఎక్కువ చెప్పను. అందులో శబ్దాలు ఛానళ్లకే కట్టుబడకుండా కదిలే వస్తువులుగా ఉంటాయి, కాని ఇంటికి వచ్చేసరికి మామూలు డీకోడరు చేతిలో అవన్నీ 5.1 లోకో 7.1 లోకో మడతపడతాయి కాబట్టి మన పని మారదు.

ఇక వినడం. ఊరి జాతరలో జరిగే ఒక పోరాట సన్నివేశాన్ని తీసుకున్నాను. డప్పులున్నాయి, సన్నాయి ఉంది, కింద తీగవాద్యాల గుంపు ఉంది, కత్తులు తగులుతున్నాయి, జనం అరుస్తున్నారు, మధ్యలో నాయకుడు ప్రతినాయకుడికి నాలుగు మాటలు చెబుతాడు. నడిమి ఛానల్ ఆపేసి విన్నాను. నాలుగు మాటలూ మాయమయ్యాయి, వాటి ప్రతిధ్వని మాత్రం సన్నగా సరౌండ్‌లలో మిగిలింది, గుడి ముందు ఖాళీ స్థలం కనబడాలని ఇంజనీరు చల్లిన ప్రతిధ్వని అది. సంగీతం ఉంది గాని పలచబడింది. కారణం వెతికితే సన్నాయిలో చాలా భాగం, డప్పుల్లోని కింది మోత నడిమి ఛానల్లోనే ఉన్నాయని తేలింది. ఒంటరి వాద్యాన్ని, లయకు వెన్నెముకలాంటి దెబ్బను తెర మధ్యలో నిలబెట్టడం మిక్సింగ్‌లో మామూలే. అంటే నడిమిని పారేస్తే మాటతో పాటు పాత్రధారి లాంటి వాద్యం కూడా పోతుంది. మాటలు లేని చోట్ల నడిమిని అలాగే ఉంచి, మాట వచ్చిన సెకన్లలో మాత్రమే దాని మీద శస్త్రచికిత్స చేయాలన్నది అక్కడ నేర్చుకున్న సంగతి. సినిమాలో మాట్లాడే సమయం మనం అనుకునేదాని కంటే తక్కువ, ముఖ్యంగా సంగీతం బాగున్న చోట్ల.

ఎల్‌.ఎఫ్‌.ఇ.ని ఎక్కువగా పక్కన పెడతాను. సంగీతంలోని బేస్ ప్రధాన ఛానళ్లలో ఉండనే ఉంటుంది, ఎల్‌.ఎఫ్‌.ఇ.లో పేలుళ్ల వాటాయే ఎక్కువ. డప్పుకు తోడుగా ఏదైనా పెద్ద డ్రమ్ము అందులో ఉందనిపించి కలపదలిస్తే, థియేటర్లో ఆ ఛానల్‌ను 10 డెసిబెళ్లు పెంచి వినిపిస్తారన్నది గుర్తుంచుకుని అంత పెంచి కలపాలి.

మాట ఉన్న చోట నడిమి ఛానల్‌ను ఎలా శుభ్రం చేయాలి? ఇక్కడ మనకు ఒక వరం ఉంది, అది డబ్బింగ్. ఇప్పుడు పెద్ద తెలుగు సినిమా ఏదైనా తమిళం, హిందీ, కన్నడం, మలయాళం అంటూ నాలుగైదు భాషల్లో వస్తుంది. దానికోసం మిక్సింగ్ గదిలో మాటలు తప్ప అన్నీ ఉన్న ఒక ట్రాక్ తయారుచేస్తారు. సంగీతం, ఎఫెక్టులు కలిసి ఉండే దాన్ని ఎం అండ్ ఈ అంటారు. ఏ భాష మాటలైనా దాని మీదే ఎక్కిస్తారు. అంటే తెలుగు నడిమి ఛానల్లోనూ తమిళ నడిమి ఛానల్లోనూ సన్నాయి ఒకటే, కత్తి చప్పుడు ఒకటే, మాట మాత్రమే వేరు. ఒకే డిస్కులో రెండు భాషల ట్రాకులుంటే బొమ్మ ఒకటే కాబట్టి నిడివి కూడా ఒకటే అవుతుంది. వేర్వేరు డిస్కులైతే టైటిళ్లూ కత్తిరింపులూ మారి మధ్యలో జారిపోతుంటాయి, సన్నివేశం సన్నివేశంగా జత చేసుకోవాలి.

ఈ జత చేయడం ఎంత కచ్చితంగా ఉండాలో చెబితే ఆశ్చర్యం వేస్తుంది. శబ్దం సెకనుకు 48,000 శాంపిళ్లుగా, అంటే విడివిడి కొలతలుగా ఉంటుంది. రెండు ట్రాకుల మధ్య ఒక్క శాంపిల్ తేడా ఉన్నా, ఒకదాన్ని తలకిందులు చేసి రెండోదానితో కలిపినప్పుడు, అంటే ఒకదాంట్లోంచి ఒకటి తీసివేసినప్పుడు, 1,000 హెర్ట్జ్ దగ్గర ఉమ్మడి శబ్దం 18 డెసిబెళ్లే తగ్గుతుంది, 12,000 హెర్ట్జ్ దగ్గరైతే తగ్గడం మాట అటుంచి 3 డెసిబెళ్లు పెరుగుతుంది. పది శాంపిళ్లు జారితే 1,000 హెర్ట్జ్ దగ్గరే పెరగడం మొదలవుతుంది. అలాగే స్థాయిలో అర డెసిబెల్ తేడా ఉంటే ఎంత బాగా జతచేసినా 25 డెసిబెళ్లకు మించి తగ్గదు. అందువల్ల మాట లేని ఒక చప్పుడును, తలుపు గడియ పడిన చప్పుడు లాంటిదాన్ని ఎంచుకుని, రెండు ట్రాకుల్లోనూ దాని అలను తెర మీద బాగా పెద్దది చేసి శిఖరాన్ని శిఖరం మీద కూర్చోబెడతాను. సరిగ్గా కుదిరినప్పుడు తీసివేత చేస్తే సన్నాయి మొత్తం మాయమై, తెలుగు మాట, తమిళ మాట రెండూ ఒకేసారి ఒకదాని మీద ఒకటి మాట్లాడుతున్నట్టు వినబడుతుంది. మనకు కావలసిన దానికి పూర్తిగా విరుద్ధమైన ఫలితమిది. అయినా దాన్ని వినడం తప్పనిసరి, జత కుదిరిందనడానికి అంతకు మించిన రుజువు లేదు.

తర్వాత కావలసింది తీసివేత కాదు, ఉమ్మడిదాన్ని ఏరడం. తెలుగు నడిమి ఛానల్‌ను ఎడమగా, తమిళ నడిమి ఛానల్‌ను కుడిగా పెట్టి ఒక స్టీరియో ఫైలు చేస్తే, రెండింట్లోనూ సమానంగా ఉన్నది, అంటే ఎం అండ్ ఈ, ఆ స్టీరియోకు నట్టనడుమ నిలబడుతుంది. పాటల నుంచి గాయకుడి గొంతు తీయడానికి పుట్టిన పనిముట్లే ఇక్కడ పనికొస్తాయి. అడోబీ ఆడిషన్‌లో సెంటర్ ఛానల్ ఎక్స్‌ట్రాక్టర్ అని ఒకటుంది. శబ్దాన్ని చిన్న చిన్న కాలఖండాలుగా కోసి, ఒక్కో ఖండాన్ని పౌనఃపున్యాలుగా విడగొట్టి, ఒక్కో గడిలో రెండు వైపులా ఉన్న బలాన్ని పోల్చి, రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని ఉంచుతుంది. కొద్దిగా ప్రోగ్రామింగ్ వచ్చినవారు ఒక్కో గడిలో రెండింట్లో తక్కువ బలమున్నదాన్ని ఉంచమని సొంతంగా రాసుకున్నా దాదాపు ఇదే ఫలితం వస్తుంది, మాట అనేది సాధారణంగా బలాన్ని పెంచుతుందే తప్ప తగ్గించదు కాబట్టి. మూడో భాష దొరికితే ఇంకా మేలు. మూడు విలువల్లో మధ్యదాన్ని తీసుకుంటే, ఏదో ఒక భాషలో మాత్రమే పొడుచుకొచ్చిన అక్షరం దానంతటదే రాలిపోతుంది.

ఇందులో లోటు లేదని కాదు. డబ్బింగ్ కళ అంతా పెదవుల కదలికకు మాటను సరిపెట్టడంలో ఉంది కాబట్టి, అన్ని భాషల్లోనూ మాట మొదలయ్యేదీ ఆగేదీ ఒకే చోట. తెలుగు ఆగినప్పుడు తమిళం మాట్లాడదు. కాలంలో దొరకని సందును పౌనఃపున్యంలోనే వెతుక్కోవాలి, రెండు గొంతుల శ్రుతులు దగ్గరగా ఉంటే అక్కడా కష్టమే. పైగా నాయకుడి మూలుగులు, అరుపులు, నిట్టూర్పులు చాలాసార్లు అన్ని భాషలకూ ఒక్కటే వాడతారు, అవి ఉమ్మడి కిందికి వచ్చి సంగీతంతో పాటే మిగులుతాయి. కుదించిన శబ్దమైతే ఒక్కో భాషకూ కుదింపు రొద వేరుగా ఉంటుంది గనుక తీసివేత ఎప్పుడూ పూర్తి నిశ్శబ్దానికి చేరదు. అయినా ఏ ఏఐ ఇచ్చినదానికన్నా ఈ పద్ధతిలో వచ్చిన సన్నాయి నాకు సహజంగా వినబడింది.

ఇంతా చేస్తే పోయింది మాట మాత్రమే, కత్తులూ జనమూ అలాగే ఉన్నాయి. ఏఐని నేను పిలిచేది ఇక్కడ. 2019లో డీజర్ సంస్థ స్ప్లీటర్‌నూ, ఫేస్‌బుక్ పరిశోధకులు డెముక్స్‌నూ, అంటే శబ్దాన్ని విడదీసే ఏఐ సాఫ్ట్‌వేర్లను, అందరికీ ఇచ్చిన నాటి నుంచి ఇంట్లో కూర్చుని పాటను విడదీయడం సాధ్యమైంది. అయితే అవి పాటల కోసం తయారైనవి. డెముక్స్ ఇచ్చే నాలుగు భాగాలు గొంతు, డ్రమ్స్, బేస్, మిగతావి. సినిమా ముక్క వేస్తే కత్తి దెబ్బ డ్రమ్స్‌లోకీ, వాన మిగతావాటిలోకీ చేరతాయి. సినిమా శబ్దం కోసమే మాట, సంగీతం, ఎఫెక్టులు అని మూడుగా విడదీసే ఏఐ నమూనాలు తర్వాత వచ్చాయి. వాటికి శిక్షణ ఇవ్వడానికి మిత్సుబిషి ఎలక్ట్రిక్ పరిశోధనశాల వారు 2021లో డివైడ్ అండ్ రీమాస్టర్ అనే శబ్ద సముదాయాన్ని విడుదల చేశారు. దానిలో మాటలు లిబ్రిస్పీచ్ నుంచి, అంటే ఇంగ్లీషు పుస్తకాలను ప్రశాంతంగా చదివిన గొంతుల నుంచి తీసుకున్నవి. సంగీతం ఫ్రీ మ్యూజిక్ ఆర్కైవ్ నుంచి, ఎఫెక్టులు ఎఫ్‌ఎస్‌డీ50కే నుంచి వచ్చాయి. అదేమీ తప్పు కాదు, హక్కుల గొడవ లేకుండా దొరికేవి అవే. కాని ఆ బడిలో చదువుకున్న నమూనాకు మన జాతర ఏం అర్థమవుతుంది?

డప్పు దగ్గర అది స్పష్టంగా బయటపడింది. డప్పు తోలును మంట దగ్గర కాగబెట్టి బిగువెక్కించి, రెండు పుల్లలతో వాయిస్తారు. కుడిచేతి సిర్ర దెబ్బ స్పెక్ట్రోగ్రామ్‌లో, అంటే ఏ క్షణాన ఏ పౌనఃపున్యాలున్నాయో చూపే బొమ్మలో, కింది నుంచి పై వరకు ఒక్క నిలువు గీతగా పడుతుంది, ఎడమచేతి సిటికెన పుల్ల దాని మధ్య సన్నని గీతలు గీస్తుంది. శ్రుతి అని చెప్పుకోదగిన అడ్డగీతలు దాదాపు ఉండవు. కర్ర విరిగినా, తుపాకి పేలినా పడేది అలాంటి నిలువు గీతే. లయ ఒక పద్ధతిలో సాగినంతసేపు నమూనా దాన్ని సంగీతంగానే ఉంచింది, దరువు మారే చోట, పోరాటంలో దెబ్బకు దెబ్బగా డప్పును పెట్టిన చోట మాత్రం మొత్తం ఎత్తి ఎఫెక్టుల్లో వేసింది. పరకాల వైపు నుంచి రికార్డింగుకు వచ్చిన ఒక డప్పు కళాకారుడికి ఆ ఎఫెక్టుల ఫైలు వినిపిస్తే, ఆయన తల అడ్డంగా ఊపి, "ఇది మా దెబ్బనే గద సారూ, దీన్ని సప్పుళ్ల కలిపిండ్రేంది?" అన్నాడు. ఆయన చెవికి కత్తీ డప్పూ ఎప్పుడూ కలవలేదు. ఆయన వేలితో బల్ల మీద దరువు వేస్తూ చెప్పిన చోట్లలో నేను ఎఫెక్టుల ఫైలు నుంచి ముక్కలు కోసి సంగీతంలోకి తిరిగి చేర్చాను. ఒగ్గుడోలు ఉన్న సన్నివేశాల్లోనూ ఇదే తంతు. సన్నాయిది మరో కథ: గమకం పలికినప్పుడల్లా అది మనిషి గొంతేమోనని నమూనాకు అనుమానం, అందుకే అప్పుడప్పుడు ఒక స్వరం మాటల ఫైల్లోకి జారుతుంది.

అందుచేత మూడు ఫైళ్లలో సంగీతం ఒక్కటే ఉంచుకుని మిగతావి తుడిచేయకూడదు. మూడింటినీ తిరిగి కలిపితే అసలు శబ్దం దాదాపుగా రావాలి కాబట్టి, సంగీతంలో కనబడని వాద్యం ఎక్కడికీ పోలేదు, పక్క ఫైల్లో ఉంటుంది. ఛానళ్లను జతలుగా పంపడం మరో మంచి అలవాటు. ఎడమ కుడి ఒక జత, సరౌండ్‌లు ఒక జత, మాట కడిగిన నడిమి విడిగా. నమూనాలు ఎక్కువగా 44.1 కిలోహెర్ట్జ్ స్టీరియోకు అలవాటు పడ్డవి, సినిమా 48లో ఉంటుంది. ముందే మార్చి ఇచ్చి, వచ్చాక మళ్లీ 48కి తెస్తే బొమ్మతో సరిపోతుంది. గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటరైతే సినిమా మొత్తం ఇవ్వొద్దు, కావలసిన సన్నివేశం ఇచ్చి టీ తాగి రావచ్చు.

పాత మోనో సినిమాలకు ఇవేవీ వర్తించవు. ఆరు ఛానళ్లు లేవు, నడిమి లేదు, అంతా ఒక్క గీతలో ఉంటుంది. అక్కడ ఏఐ తప్ప గతి లేదు, ఫలితం కూడా అంతంత మాత్రమే.

చట్టం గురించి నాలుగు మాటలు, అడిగేవారు ఎక్కువ కాబట్టి. 1957 కాపీరైటు చట్టంలోని 52వ సెక్షన్ సొంత వాడకానికి, పరిశోధనకు, విమర్శకు న్యాయమైన మేరకు వాడుకోవడాన్ని ఉల్లంఘనగా చూడదు. కాపీ చేయనీయకుండా డిస్కుకు వేసే డిజిటల్ తాళాల సంగతి చూసే 65ఎ సెక్షన్‌ను 2012 సవరణ చేర్చింది, అది హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం తీసినవారిని శిక్షిస్తుంది. తమాషా ఏమిటంటే అదే 52వ సెక్షన్ పెళ్లి ఊరేగింపును పేరుపెట్టి మరీ మినహాయించింది, కాబట్టి బారాత్‌లో వినిపించడం మీద చట్టానికి కొంత దయ ఉంది. బయటికి తీసిన సంగీతాన్ని నెట్‌లో ఎక్కించడం, పెన్‌డ్రైవుల్లో అమ్మడం మాత్రం ఆ దయ కిందికి రావు. నా దగ్గరున్న ఫైళ్లు అడిగిన వారికి ఇవ్వకపోవడానికి కారణం అదే, పొగరు కాదు.

అన్నీ కుదిరి, మాటా లేక, కత్తీ లేక సంగీతం మిగిలిన తర్వాత కూడా చేతికి వచ్చింది సంగీత దర్శకుడు రికార్డు చేసిన ముక్క కాదన్నది గమనించాలి. మిక్సింగ్ ఇంజనీరు శబ్దాన్ని పెంచి తగ్గించే ఫేడరు మీద వేలు పెట్టి నడిపిన ముక్క అది. మాట రాబోతుందనగా సంగీతాన్ని దించుతాడు, మాట అయిపోగానే వెంటనే కాక మెల్లగా లేపుతాడు. మాట ఉన్నంతసేపూ వింటున్నప్పుడు ఆ దించడం మనకు తెలియదు. మాట లేకుండా వింటే ఏ కారణమూ లేకుండా సంగీతం కుంగి లేస్తున్నట్టుంటుంది. చాలామంది దీన్ని ఏఐ చేసిన పాడు అనుకుంటారు. కాదని తేల్చడానికి సులువైన దారి సరౌండ్ ఛానళ్లను చూడడం, వాటిలో ప్రతిధ్వని తప్ప నేరుగా మాట లేదు, ఏఐ తాకకముందు నుంచే అవీ అదే చోట కుంగుతాయి.

నాకు ఈ కుంగుళ్లే అసలు పాఠం. జాతర సన్నివేశంలో నాలుగు మాటల దగ్గర తీగవాద్యాలు బాగా దిగాయి, డప్పు కొద్దిగా దిగింది, సన్నాయి మాత్రం అసలు దిగలేదు, ఎందుకంటే మాట మొదలయ్యే ముందే సంగీత దర్శకుడు దాన్ని ఆపేశాడు. ఒకటి ఫేడరు చేసిన పని, మరొకటి రాతలోనే ఉన్న ఖాళీ. కలిపి వింటే ఈ రెండూ ఒకేలా ఉంటాయి. లఘుచిత్రాల్లో నేను వాడే సంగీతం మాటకు అడ్డుపడుతోందని దర్శకులు అన్నప్పుడు ఇదివరకు శబ్దం తగ్గించి ఇచ్చేవాణ్ని, ఇప్పుడు ఆ చోట గొంతుకు దగ్గరి శ్రుతిలో మోగే వాద్యాన్ని రాతలోంచే తీసేసి ఇస్తున్నాను.

కుంగుళ్లు లేకుండా సాఫీగా వినాలనుకునేవారు వాల్యూమ్ గీతను చేత్తోనే గీసుకోవాలి. కంప్రెసరుకో, ఆటోమేటిక్‌గా సమం చేసే పనిముట్టుకో అప్పగిస్తే అది సంగీతంతో పాటు అడుగున మిగిలిన మాట మరకల్ని కూడా పైకి లేపుతుంది. సరౌండ్‌లోని ప్రతిధ్వని తోకలు ముందుగా బయటపడేది అప్పుడే. మాట మొదటి అక్షరానికి కాస్త ముందు నుంచి గీతను ఎత్తడం మొదలుపెట్టి, ఇంజనీరు దించిన వాలుకు సరిగ్గా ఎదురు వాలు గీస్తే చాలు. దించినంతా తిరిగి ఎత్తాలన్న పట్టుదల వద్దు, రెండు మూడు డెసిబెళ్లు తక్కువగా వదిలేస్తే మరకలు వినబడవు.